ఏటీటీ (టీబీ మందుల చికిత్స) ఐదో వారంలో కామెర్లు: ఇలియోసీకల్ పుండు టీబీయా, క్రోన్సా?

నాలుగో_పోస్టింగ్
సీనియర్లందరికీ నమస్కారం. మెడిసిన్ ప్రాక్టికల్స్ కోసం మా బ్యాచ్ అల్లుకున్న కేసు ఇది, నిజం పేషెంట్ కాదు.

24 ఏళ్ల అమ్మాయి, బరువు 48 కిలోలు. నాలుగు నెలలుగా కుడివైపు పొత్తికడుపులో నొప్పి, తిన్న గంటకు కడుపుబ్బి గుడగుడలు, మధ్యమధ్యలో నీళ్ల విరేచనాలు. 6 కిలోలు తగ్గింది. హిమోగ్లోబిన్ 9.1, సీఆర్‌పీ (ఒంట్లో వాపు సూచిక) 38. కొలనోస్కోపీలో సీకమ్‌లోనూ (పెద్దపేగు మొదలు) టెర్మినల్ ఇలియంలోనూ (చిన్నపేగు చివర) పుళ్లు, రెంటి మధ్య ఉండే ఇలియోసీకల్ వాల్వ్ రూపు చెడి ఉంది. బయాప్సీలో గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) ఉంది గానీ కేసియేషన్ (టీబీలో కనిపించే జున్నులాంటి కుళ్లు) లేదు. జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి డీఎన్‌ఏ పరీక్ష) నెగటివ్. ఛాతీ ఎక్స్‌రే నార్మల్. టీబీ అనుకుని నాలుగు మందులు ఒకే మాత్రలో కలిపిన ఎఫ్‌డీసీ రోజుకు 4 మాత్రలు మొదలుపెట్టారు. ఐదో వారంలో వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. బిలిరుబిన్ 3.4, లివర్ ఎంజైమ్‌లు ఏఎల్‌టీ 412, ఏఎస్‌టీ 380, ఏఎల్‌పీ 168, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే అంకె) 1.3. సీఆర్‌పీ 9కి దిగింది.

ఇప్పుడు మందులు ఆపాలా? ఆపితే మళ్లీ ఏ వరుసలో ఇవ్వాలి? అసలు ఇది టీబీయేనా? క్రోన్స్ (ఇన్‌ఫెక్షన్ కాని దీర్ఘకాలిక పేగు వాపు) అయితే స్టెరాయిడ్ ఎప్పుడు?

కాలేయవాణి
ముందు ఆర్ విలువ (లివర్ దెబ్బ ఏ రకమో చెప్పే అంకె) వేయండి. ఏఎల్‌టీ నార్మల్ పరిమితికి ఎన్ని రెట్లుందో చూసి, దాన్ని ఏఎల్‌పీ ఎన్ని రెట్లుందో దాంతో భాగించాలి. పరిమితులు 40, 120 అనుకుంటే 10.3ని 1.4తో భాగించాలి, 7.4 వస్తుంది. 5 అంతకంటే ఎక్కువైతే హెపటోసెల్యులర్ (లివర్ కణాల దెబ్బ), 2 అంతకంటే తక్కువైతే కొలెస్టాటిక్ (పిత్తం పారకపోవడం), మధ్యలోది మిశ్రమం. మీ కేసు హెపటోసెల్యులర్, పైగా కామెర్లు ఉన్నాయి. ఏఎల్‌టీ 3 రెట్లు, బిలిరుబిన్ 2 రెట్లు దాటి, వేరే కారణం దొరకకపోతే దాన్నే హైస్ లా అంటాం. అలాంటి వాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు చనిపోవడమో, ట్రాన్స్‌ప్లాంట్ దాకా వెళ్లడమో జరుగుతుంది. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ ఈ రోజే ఆపాలి. తగ్గించి చూద్దాం, ఒకటి తీసేసి చూద్దాం అనే బేరాలు ఇక్కడ వద్దు.

అలాగని ఏఎల్‌టీ 70 వచ్చిందని అందరికీ ఆపేయకూడదు. ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 5 రెట్ల వరకు, వాంతులో కడుపునొప్పో కామెర్లో ఉన్నవాళ్లలో 3 రెట్ల వరకు గీత. మొదటి రెండు నెలల్లో ఐసోనియాజిడ్‌కు ఏఎల్‌టీ కొద్దిగా పెరిగి దానంతటదే దిగిపోవడం మామూలే. ఏఎల్‌టీ నార్మల్‌గా ఉండి బిలిరుబిన్ ఒక్కటే తొలివారంలో కాస్త పెరిగితే అది తరచూ రిఫాంపిసిన్ పని. బిలిరుబిన్ రవాణాను అది అడ్డుకుంటుంది, కణాలేమీ చచ్చిపోవు. ఈ తేడా తెలియక ఏటీటీ ఆపేసిన కేసులు వార్డుల్లో బోలెడు.

రాత్రి_డ్యూటీ
మేడమ్, డ్రగ్ ఇంజురీ అని రాసేముందు వైరల్ మార్కర్లలో ఏవేవి పంపాలి? హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) చాలవా?

కాలేయవాణి
చాలవు. హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ రెండింటికీ ఐజీఎం (కొత్త ఇన్‌ఫెక్షన్‌ను చూపే యాంటీబాడీ) కావాలి. మన దగ్గర హెపటైటిస్-ఈ వైరస్‌ను వదిలేసి ఏటీటీ మీద నేరం మోపడం చాలా మామూలు తప్పు. నీళ్లు కలుషితమయ్యే కాలంలో అయితే మరీను. హెపటైటిస్ బి విషయంలో హెచ్‌బీఎస్ఏజీతోపాటు యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కోసం ఏఎన్‌ఏ, ఐజీజీ. ఒక అల్ట్రాసౌండ్: పిత్తనాళాలు వెడల్పయ్యాయా, హెపాటిక్ సిరల్లో రక్తం పారుతోందా, లివర్ ముందునుంచే ముడుచుకుని ఉందా.

ఇక హిస్టరీలో మందులు అని అడిగితే ఇంగ్లిష్ మందుల పేర్లే చెబుతారు. విడిగా అడగాలి. కామెర్లకు పసరు తాగారా? తిప్పతీగ కషాయం, మాత్రలు ఏమైనా? తిప్పతీగతో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటి జబ్బు వచ్చిన కేసులు కోవిడ్ సమయంలో మన దేశంలోనే ప్రచురితమయ్యాయి. జిమ్ పొడులు, నొప్పి మాత్రలు, రోజుకు ఎన్ని పారాసెటమాల్, మద్యం. ఇవన్నీ అడిగి, లేవని తేలాకే ఏటీటీ పేరు రాయండి.

మందుల_చీటీ
అందరూ దాటేసిన ఒక అంకె ఉంది. 48 కిలోలకు 4 మాత్రలేమిటి? మన జాతీయ కార్యక్రమం బరువు పట్టీ ప్రకారం 35 నుంచి 49 కిలోల వరకు 3 మాత్రలు, 50 నుంచి 64 వరకు 4. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఎథాంబుటాల్ 275 మి.గ్రా. 4 మాత్రలంటే పైరజినమైడ్ 1600, అంటే కిలోకు 33 మి.గ్రా. ఉండాల్సింది 20 నుంచి 30 మధ్య. 3 మాత్రలైతే 1200, కిలోకు సరిగ్గా 25.

ఈ తప్పు ఎలా జరుగుతుందంటే, జబ్బుకు ముందు ఉన్న 54 కిలోలను పేషెంటే చెబుతుంది, దాన్నే రాసేస్తారు. బరువు తూచి రాయాలి. లాంగ్ కేసులో ఎగ్జామినర్ ఈ అంకె మీద ఆగే అవకాశం ఎక్కువ.

ఇంకోటి, ఏటీటీకి ముందు ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్షలు) మీ కేసులో లేదు. ముందు నార్మల్ అని తెలియకపోతే ఇప్పటి ఏఎల్‌పీ 168 కొత్తదా పాతదా అని చెప్పలేం. దీని అవసరం కింద వస్తుంది, ఎవరో ఒకరు పీఎస్‌సీ (పిత్తనాళాలు మచ్చకట్టి సన్నబడే జబ్బు) ఎత్తుతారు చూడండి.

రాత్రి_డ్యూటీ
మూడూ ఆపితే టీబీ ముదరదా? ఎథాంబుటాల్ ఒక్కటే ఉంచితే రెసిస్టెన్స్ రాదా?

ఇలియం_రాజు
తమ్ముడూ, ఒక్క మందు మీద ఎప్పుడూ ఉంచం. కళ్లెలో క్రిములు ఉన్నవాళ్లు, మిలియరీ, మెదడు టీబీ ఉన్నవాళ్లు అయితే లివర్ కోలుకునేదాకా ఎథాంబుటాల్‌తోపాటు లివోఫ్లాక్సాసిన్, అవసరమైతే అమికాసిన్ కలిపి నెట్టుకొస్తాం. ఈ అమ్మాయికి పేగు పుండు ఒక్కటే, అదీ రుజువు కాని టీబీ. రెండు మూడు వారాలు ఏమీ లేకుండా ఉంచినా కొంప మునగదు. ఆ వారాలే డయాగ్నసిస్‌ను మళ్లీ తిరగేయడానికి దొరికిన సమయం.

ఆ సమయంలో లివర్ మీద కన్ను: వారానికి రెండుసార్లు ఎల్‌ఎఫ్‌టీ, ఐఎన్‌ఆర్. ఐఎన్‌ఆర్ 1.5 దాటి మగత, తికమక, పగలు నిద్ర రాత్రి మెలకువ మొదలైతే అది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్. ట్రాన్స్‌ప్లాంట్ చేసేచోటికి అప్పుడే ఫోన్ వెళ్లాలి, కోమా వచ్చాక కాదు.

కాలేయవాణి
రాజు గారు చెప్పినదానికి రెండు చేర్పులు.

రక్తం కారనప్పుడు కేవలం ఐఎన్‌ఆర్ దిద్దడానికి ఎఫ్‌ఎఫ్‌పీ (ప్లాస్మా) ఎక్కించొద్దు. ఐఎన్‌ఆరే మనకున్న ప్రోగ్నసిస్ సూచిక, ప్లాస్మా పోస్తే అది మసకబారుతుంది. విటమిన్ కె 10 మి.గ్రా. ఐవీ నెమ్మదిగా ఇచ్చి చూడండి. దిగితే లోపం, దిగకపోతే లివర్.

పారాసెటమాల్ కాని లివర్ ఫెయిల్యూర్‌లో కూడా ఎన్‌ఏసీ (ఎన్-ఎసిటైల్‌సిస్టీన్) పనికొస్తుంది, కానీ ఎన్‌కెఫలోపతీ (లివర్ చెడి మెదడు మందగించడం) 1, 2 గ్రేడ్లలో ఉండగానే. కిలోకు 150 మి.గ్రా. ఒక గంటలో, తర్వాత గంటకు 12.5 చొప్పున 4 గంటలు, ఆపై గంటకు 6.25 చొప్పున 67 గంటలు. 48 కిలోలకు అది 7.2 గ్రాములు, గంటకు 600 మి.గ్రా., గంటకు 300 మి.గ్రా. షుగర్ రెండు గంటలకోసారి చూడండి. లివర్ ఫెయిల్యూర్‌లో రాత్రిపూట మగతగా ఉన్నవాళ్లందరిదీ ఎన్‌కెఫలోపతీ కాదు, కొందరిది హైపోగ్లైసీమియా.

నాలుగో_పోస్టింగ్
ధన్యవాదాలు మేడమ్. బయాప్సీ సంగతి? కేసియేషన్ లేదు కాబట్టి క్రోన్స్ అనొచ్చా?

స్లైడ్_కింద
అనకూడదు. పేగు టీబీ బయాప్సీల్లో చాలావాటిలో కేసియేషన్ కనిపించదు. కొలనోస్కోపీ ముక్కలో వచ్చేది మ్యూకోసా, అదృష్టం బాగుంటే కాస్త సబ్‌మ్యూకోసా. టీబీ అసలు కాపురం సబ్‌మ్యూకోసాలోనూ, లింఫ్‌నోడ్‌లోనూ ఉంటుంది.

మాకు ఉపయోగపడేవి వేరు. గ్రాన్యులోమా పరిమాణం 400 మైక్రాన్లు దాటిందా, ఒకదాంతో ఒకటి కలిసిపోయాయా, ఒక్క ముక్కలోనే నాలుగైదు ఉన్నాయా, పుండు అంచున హిస్టియోసైట్లు బారులు తీరాయా: ఇవి టీబీ వైపు. 200 మైక్రాన్ల లోపు చిన్న గ్రాన్యులోమా ఒంటరిగా, దూరంగా ఉన్న మామూలు మ్యూకోసాలో కూడా వాపు, క్రిప్ట్‌ల అమరిక చెదరడం: ఇవి క్రోన్స్ వైపు. అందుకే పుండు అంచు నుంచే కాక, బాగున్నట్టు కనిపించే చోటు నుంచి కూడా ముక్కలు కావాలి, వేరే సీసాలో. అన్నీ ఒకే సీసాలో పడేసి "కోలన్ బయాప్సీ" అని రాసి పంపితే నేను చెప్పగలిగేది "గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్, క్లినికల్‌గా సరిచూడండి" అన్నదే. ఆ వాక్యానికి నవ్వుకుంటారు గానీ తప్పు మాది కాదు.

ముఖ్యమైనది: కనీసం ఎనిమిది ముక్కలు తీస్తే వాటిలో కొన్ని ఫార్మలిన్‌లో కాక నార్మల్ సెలైన్‌లో వేయాలి. జీన్‌ఎక్స్‌పర్ట్‌కూ, కల్చర్‌కూ అవే. ఫార్మలిన్‌లో పడిన బ్యాసిల్లస్ కల్చర్‌లో మొలవదు. ఎంజీఐటీ (టీబీ క్రిమిని ద్రవంలో పెంచే) కల్చర్‌ను నెగటివ్ అనాలంటే 6 వారాలు ఆగాలి. మీ కేసులో ఐదో వారం నడుస్తోంది, ఆ రిపోర్టు ఇంకా రాలేదు. ఫోన్ చేసి కనుక్కోండి. ఇక పేగు ముక్కలో జీన్‌ఎక్స్‌పర్ట్ నెగటివ్ వస్తే టీబీ లేదని కాదు. క్రిములు తక్కువగా ఉండే చోటు అది, సెన్సిటివిటీ తక్కువ. పాజిటివ్ వస్తే మాత్రం నమ్మొచ్చు.

ఇలియం_రాజు
ఎండోస్కోపీ వైపు నుంచి: పేగు చుట్టుకొలతకు అడ్డంగా, నడుముకు పట్టీ కట్టినట్టు ఉండే పుండు టీబీ. పొడవుగా సాగిన పుండు, మధ్యమధ్య మంచి పేగు వదిలి వదిలి రావడం, చుట్టూ ఆఫ్తస్ పుళ్లు, రాళ్లు పరిచినట్టున్న మ్యూకోసా క్రోన్స్. వాల్వ్ నోరు తెరుచుకుని బిగుసుకుపోతే టీబీ వైపు మొగ్గు. మలద్వారం దగ్గర ఫిస్టులా, సైనస్‌లు ఉంటే క్రోన్స్. అందుకే ఈ కేసులో పీఆర్ (మలద్వారంలో వేలితో పరీక్ష) చేశారా అని అడిగితే నీళ్లు నమలకండి.

సీటీ ఎంటరోగ్రఫీలో పెద్ద లింఫ్‌నోడ్లు, వాటి నడుమ నల్లగా కుళ్లిన భాగం, చుట్టూ మెరిసే అంచు ఉంటే టీబీ. ఎసైటిస్ (పొట్టలో నీరు) కూడా టీబీ వైపే. పేగు గోడకు దువ్వెన పళ్లలా రక్తనాళాలు నిలబడితే, అదే కోంబ్ సైన్, క్రోన్స్.

రక్తపరీక్షల్లో ఆస్కా (క్రోన్స్‌లో కనిపించే యాంటీబాడీ) మీద ఆశ పెట్టుకోవద్దు, పేగు టీబీలోనూ పాజిటివ్ వస్తుంది. ఇగ్రా పాజిటివ్ అంటే ఎప్పుడో టీబీ సోకిందనే, ఇప్పటి పుండు టీబీ అని కాదు.

కత్తెర_దారం
"తిన్న గంటకు కడుపుబ్బి గుడగుడలు" అన్న మాట దాటేశారు. అది స్ట్రిక్చర్ (పేగు సన్నబడటం) భాష. ఈ అమ్మాయికి క్యాప్సూల్ ఎండోస్కోపీ రాయొద్దు, సన్నబడిన చోట ఇరుక్కుంటే ఆ క్యాప్సూల్ తీయడానికి నన్ను పిలుస్తారు. టీబీ పుండు ఏటీటీతో మానేటప్పుడు మచ్చకట్టి పేగు ఇంకా సన్నబడొచ్చు. అందువల్ల నొప్పి పెరిగితే మందు పనిచేయలేదని తేల్చేయకండి, ఎక్స్‌రే తీసి చూడండి. క్రోన్స్‌కు ఏటీటీ ఇస్తూ కూర్చున్నా అదే ప్రమాదం, ఆ నెలల్లో వాపు కాస్తా ఫైబ్రోసిస్‌గా మారుతుంది.

ఒకవేళ కోయాల్సి వస్తే ఎంత కోశామన్నది తర్వాతి జీవితమంతా నడుస్తుంది. టెర్మినల్ ఇలియం 100 సెం.మీ. లోపు పోతే బైల్ ఆమ్లాలు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు, వాటికి కొలెస్టిరమైన్. 100 సెం.మీ. దాటితే శరీరంలో బైల్ ఆమ్లాల నిల్వే తరిగిపోయి కొవ్వు విరేచనాలు. అప్పుడు కొలెస్టిరమైన్ ఇస్తే ఉన్న కాస్తా పోయి ఇంకా ముదురుతుంది. బి12 ఇంజెక్షన్లు, ఆక్సలేట్ కిడ్నీరాళ్లు, పిత్తాశయంలో రాళ్లు, ఇవన్నీ ఆ కోతకు తోకలే.

నాలుగో_పోస్టింగ్
అయితే ఐదు వారాల ఏటీటీ పడింది కదా, ఇప్పుడే ఇంకో కొలనోస్కోపీ చేస్తే తేలిపోదా?

ఇలియం_రాజు
నేనైతే చేయను. ఏటీటీ ట్రయల్‌కు (టీబీ మందులిచ్చి చూడటానికి) తీర్పు చెప్పేది రెండు మూడు నెలలకు చేసే కొలనోస్కోపీ. అప్పటికి టీబీ పుళ్లు దాదాపు అందరిలో మానిపోవాలి. ఐదు వారాలకు చూస్తే సగం మానిన పుండు గోడ మీద పిల్లి, ఎటూ చెప్పదు.

స్లైడ్_కింద
ఒప్పుకోను. కల్చర్‌కు మొదటిసారి సెలైన్‌లో ముక్కలు పోలేదని తేలితే? మందులు ఆగిన ఈ వారాల్లో మళ్లీ తీస్తే పనికొస్తుంది.

ఇలియం_రాజు
పోలేదని తేలితే అప్పుడు ఒప్పుకుంటాను. ఐఎన్‌ఆర్ సర్దుకున్నాక. లేకపోతే సీఆర్‌పీ, ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే మలపరీక్ష) చాలు. సీఆర్‌పీ 38 నుంచి 9కి రావడం టీబీ వైపు చిన్న మొగ్గు, అంతే. ఎందుకంటే క్రోన్స్ వాళ్లలో చాలామందికి ఏటీటీ తొలి వారాల్లో హాయిగా అనిపిస్తుంది, బరువు కూడా పెరుగుతారు. లక్షణాలు తగ్గాయని టీబీ ముద్ర వేసి, 6 నెలలు పూర్తిచేశాక మళ్లీ మొదటికి రావడం మనకు కొత్త కాదు. నమ్మాల్సింది పుండు మానడాన్ని.

స్టెరాయిడ్ సంగతి: ఈ దశలో వద్దు. ఒకవైపు ఏటీటీ ఆపి, మరోవైపు ప్రెడ్నిసొలోన్ 40 ఇచ్చామంటే, టీబీ అయిన పక్షంలో దాన్ని చేతులారా విడిచిపెట్టినట్టే. పైగా స్టెరాయిడ్‌కు రెండు జబ్బుల్లోనూ తొలి పది రోజులు హాయిగా ఉంటుంది, డయాగ్నసిస్ తలుపు మూసుకుపోతుంది.

రాత్రి_డ్యూటీ
మళ్లీ మొదలుపెట్టే వరుస ఎవరైనా రాయండి. ఒక్కో పుస్తకం ఒక్కోలా రాసింది.

మందుల_చీటీ
పుస్తకాలు తేడాగా రాయడానికి కారణం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 175 మందిని మూడు రకాలుగా విభజించి చేసిన ట్రయల్ 2010లో వచ్చింది: మూడు మందులూ ఒకేసారి, ఒకదాని తర్వాత ఒకటి పూర్తి మోతాదు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచడం. మళ్లీ లివర్ దెబ్బతినడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొత్తం మీద సుమారు 11 శాతం మందికి తిరగబెట్టింది. అయినా వరుసగా ఇవ్వడమే నా మాట, తిరగబెడితే దొంగ ఎవరో తెలుస్తాడు.

ఏఎల్‌టీ 2 రెట్ల లోపుకు, అంటే 80 లోపుకు దిగాలి, కామెర్లు తగ్గాలి. అప్పుడు రిఫాంపిసిన్ 450, ఎథాంబుటాల్ 800 మి.గ్రా. 3 నుంచి 7 రోజులకు ఎల్‌ఎఫ్‌టీ. బాగుంటే ఐసోనియాజిడ్ కిలోకు 5 మి.గ్రా. మళ్లీ 3 నుంచి 7 రోజులకు ఎల్‌ఎఫ్‌టీ. ఎక్కడ ఏఎల్‌టీ ఎగసినా చివర చేర్చిన మందు ఆపాలి. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ తట్టుకుంటే దొంగ పైరజినమైడే అనుకోవచ్చు. కామెర్ల దాకా వెళ్లిన ఈ అమ్మాయికి దాన్ని మళ్లీ పరీక్షించనక్కర్లేదు. అది లేకపోతే కోర్సు 6 నెలలు కాదు, 9 నెలలు: మూడు మందులతో 2 నెలలు, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్‌తో 7 నెలలు.

ఎఫ్‌డీసీ మాత్ర ఈ దశలో వాడకూడదు, విడి మాత్రలు తెప్పించాలి. చెప్పనక్కర్లేదనిపిస్తుంది గానీ, డిశ్చార్జ్ చీటీలో పాత ఎఫ్‌డీసీ పేరు అలాగే అచ్చయి పోతుంటుంది.

పిత్తనాళం
ఆలస్యంగా చేరాను. మందుల_చీటీ గారు ముందే ఊహించినట్టు పీఎస్‌సీ ఎత్తేది నేనే. ఈ కేసులో ఆర్ విలువ 7 కాబట్టి అది కాదు. అయితే వైవాలో తర్వాతి ప్రశ్న ఖాయం: "ఐబీడీ (క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్) పేషెంట్‌కు ఎల్‌ఎఫ్‌టీ చెడితే ఏమేం ఆలోచిస్తావు?" దానికి ఆర్ విలువతోనే జవాబు మొదలుపెట్టండి.

ఏఎల్‌పీ పెరిగితే ముందు జీజీటీ, అది ఎముకదా లివర్‌దా అని. లివర్‌దైతే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాల ఎంఆర్‌ఐ). పూసల దండలా నాళాలు కొన్నిచోట్ల సన్నబడి, కొన్నిచోట్ల ఉబ్బితే పీఎస్‌సీ. బయాప్సీలో ఉల్లిపొరల ఫైబ్రోసిస్ పుస్తకాల్లో బొమ్మగా బాగుంటుంది, నిజం ముక్కలో తరచుగా దొరకదు. ఎంఆర్‌సీపీ స్పష్టంగా ఉంటే బయాప్సీ అక్కర్లేదు. ఐజీజీ4 ఒకసారి చూడాలి, ఎందుకంటే పీఎస్‌సీలా కనిపించే ఐజీజీ4 జబ్బు స్టెరాయిడ్‌కు కరుగుతుంది, పీఎస్‌సీ కరగదు.

పీఎస్‌సీతో వచ్చే కొలైటిస్ వేషం వేరు: పెద్దపేగంతా ఉంటుంది, కుడివైపే ఎక్కువ, రెక్టమ్ వదిలేయొచ్చు, ఇలియంలోకి ఎగదన్నుతుంది, లక్షణాలు మాత్రం తక్కువ. అందుకే పీఎస్‌సీ తేలిన ప్రతివారికీ విరేచనాలు లేకపోయినా కొలనోస్కోపీ, ముక్కలతో సహా. కొలైటిస్ ఉంటే ఆ రోజు నుంచే ఏటా ఒకటి. మామూలు అల్సరేటివ్ కొలైటిస్‌లో లాగా 8 ఏళ్లు ఆగడం లేదు. కొలైటిస్ చల్లబడినా పీఎస్‌సీ తన దారిన తాను పోతుంది, కోలన్ మొత్తం తీసేసినా ఆగదు. ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం కిలోకు 28 నుంచి 30 మి.గ్రా. చొప్పున ఇచ్చిన ట్రయల్‌లో ఎల్‌ఎఫ్‌టీ మెరుగుపడింది, పేషెంట్లు మాత్రం ఎక్కువ నష్టపోయారు. 2009 నాటిది. ల్యాబ్ అంకెకు వైద్యం చేయకూడదని చెప్పేటప్పుడు నేను ఇచ్చే ఉదాహరణ ఇదే.

ఏఎల్‌టీ పెరిగితే మందులు: అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ రేపే ఆటోఇమ్యూన్ హెపటైటిస్. ఫ్యాటీ లివర్. హెపటైటిస్ బి తిరగబెట్టడం. ఏఎల్‌టీ, ఏఎల్‌పీ రెండూ మామూలుగానే ఉండి ప్లేట్‌లెట్లు తగ్గుతూ, ప్లీహం పెరుగుతుంటే అజాథయోప్రిన్ వల్ల నాడ్యులర్ రీజనరేటివ్ హైపర్‌ప్లేసియా (లివర్ కణాలు చిన్న ముడులుగా పెరగడం) గుర్తురావాలి.

మందుల_చీటీ
అజాథయోప్రిన్ మాట వచ్చింది కనుక: ఆ మందును శరీరంలో అరిగించే ఎంజైమ్‌లు టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15. మన జనాభాలో టీపీఎంటీ నార్మల్ అని ధైర్యపడొద్దు, ఎన్‌యూడీటీ15 తేడా ఎక్కువ పట్టించుకోవాల్సింది. పరీక్ష లేని చోట 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, తొలి నెల వారంవారం సీబీపీ. జుట్టు గుత్తులుగా ఊడుతోందంటే తెల్లకణాలు పడిపోబోతున్నాయని హెచ్చరిక, ఆ రోజే సీబీపీ చేయాలి. గౌట్‌కు అల్లోప్యూరినాల్ వాడుతున్నవాళ్లకు అజాథయోప్రిన్ పావు వంతు నుంచి మూడో వంతుకు తగ్గించాలి, లేకపోతే మజ్జ ఎండిపోతుంది. ఫెబుక్సోస్టాట్ కూడా అల్లోప్యూరినాల్ ఆపే ఎంజైమ్‌నే ఆపుతుంది, అది సురక్షితం అనుకోవడం పొరపాటు.

క్రోన్స్‌కు మెసాలమైన్ రాసే అలవాటు కూడా మానాలి. అల్సరేటివ్ కొలైటిస్‌లో నోటి ద్వారా, కింది నుంచి రెండు దారుల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. ఇలియల్ క్రోన్స్‌లో ఖర్చే మిగులుతుంది.

రాత్రి_డ్యూటీ
కాస్త పక్కకు వెళ్తున్నా, క్షమించాలి. ఇదే అమ్మాయి నీరు పట్టిన కడుపుతో వస్తే? ట్యాప్ చేసిన ఫ్లూయిడ్‌ను ఏ ట్యూబుల్లో పంపాలో రాత్రి డ్యూటీలో ఎవరూ చెప్పరు.

కాలేయవాణి
పక్కది కాదు, ఇదే దారి. ఎడమవైపు, ఏఎస్‌ఐఎస్ (తుంటి ఎముక ముందు మొన) నుంచి 3 సెం.మీ. లోపలికి, 3 సెం.మీ. పైకి. రెక్టస్ కండరం అంచు మీద వద్దు, ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమని అక్కడే నడుస్తుంది. ఐఎన్‌ఆర్ 2 ఉందని ప్లాస్మా పోసి ట్యాప్ ఆలస్యం చేయకండి.

కణాల లెక్కకు ఈడీటీఏ ట్యూబ్. మామూలు ట్యూబులో వేస్తే ఫ్లూయిడ్ గడ్డకట్టి లెక్క తప్పుతుంది. ఆల్బుమిన్, ప్రొటీన్, ఏడీఏకు (టీబీలో పెరిగే ఎంజైమ్) ప్లెయిన్ ట్యూబ్. బ్లడ్ కల్చర్ సీసాల్లో 10 మి.లీ. చొప్పున మంచం పక్కనే ఎక్కించాలి. స్టెరైల్ డబ్బాలో ల్యాబ్‌కు పంపితే సగం ఇన్‌ఫెక్షన్లు కల్చర్‌లో దొరకవు. రక్తం ఆల్బుమిన్ అదే రోజుది కావాలి, పోయిన వారానిది పట్టుకుని సాగ్ (సీరం ఆల్బుమిన్‌లోంచి ఫ్లూయిడ్ ఆల్బుమిన్ తీసేస్తే వచ్చే అంకె) వేయొద్దు.

సీరం 2.8, ఫ్లూయిడ్ 2.1 అయితే సాగ్ 0.7. 1.1 కన్నా తక్కువ, అంటే పోర్టల్ హైపర్‌టెన్షన్ (లివర్‌కు వెళ్లే సిరలో ఒత్తిడి) కాదు. లింఫోసైట్లు ఎక్కువ, ఏడీఏ 39 దాటితే టీబీ పెరిటోనైటిస్. సీరం 2.6, ఫ్లూయిడ్ 0.9 అయితే 1.7, సిర్రోసిస్. సాగ్ ఎక్కువ, ఫ్లూయిడ్ ప్రొటీన్ కూడా 2.5 పైన ఉంటే గుండె, బడ్-కియారీ (హెపాటిక్ సిరలు మూసుకుపోవడం) చూడండి. సిర్రోసిస్ ఉన్నవాళ్లకే టీబీ కూడా వస్తే సాగ్ ఎక్కువగానే ఉండి మోసం చేస్తుంది.

న్యూట్రోఫిల్స్ 250 దాటితే కల్చర్ కోసం ఆగకుండా ఎస్‌బీపీ (పొట్టనీటిలో దానంతటదే వచ్చే ఇన్‌ఫెక్షన్) చికిత్స. రక్తం కలిసిన ట్యాప్ అయితే ప్రతి 250 ఎర్రకణాలకు ఒక న్యూట్రోఫిల్ తీసేయాలి. సెఫొటాక్సిమ్ 2 గ్రా. 8 గంటలకోసారి. దాంతోపాటు ఆల్బుమిన్ మొదటి 6 గంటల్లో కిలోకు 1.5 గ్రా., మూడో రోజు కిలోకు 1 గ్రా. 60 కిలోల మనిషికి 90 గ్రాములు, అంటే 20 శాతం ఆల్బుమిన్ 100 మి.లీ. సీసాలు నాలుగున్నర. ఖరీదని దీన్ని వదిలేస్తే యాంటీబయాటిక్ పనిచేసినా కిడ్నీలు పోతాయి. ఫ్లూయిడ్ గ్లూకోజ్ 50 లోపు, ప్రొటీన్ 1 పైన, ఎల్‌డీహెచ్ సీరం పరిమితి కంటే ఎక్కువ, వీటిలో రెండున్నా పేగు చిల్లుపడిందేమో చూడమని సర్జన్‌ను పిలవాలి. పేగు పుళ్లున్న ఈ కేసులో మరీను.

కత్తెర_దారం
పిలిస్తే వస్తాం. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు చిల్లుపడినా కడుపు బిగుసుకోదు, అది చెప్పి పిలవండి.

నాలుగో_పోస్టింగ్
చివరగా, ఇది క్రోన్స్ అని తేలి బయలాజికల్ ఇవ్వాల్సి వస్తే ముందుగా ఏం చూడాలి?

ఇలియం_రాజు
ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకు 5 మి.గ్రా., 0, 2, 6 వారాలు. దానికి ముందు హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చాలదు, యాంటీ హెచ్‌బీసీ టోటల్ కావాలి. అది పాజిటివ్ అయితే హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్ ఉన్నా వైరస్ లివర్‌లో పడుకునే ఉంది. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయితే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కంటే ముందే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్. ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా తప్పనిసరి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ఇమ్యూనిటీ తగ్గించే మందులకు కనీసం 4 వారాల ముందే అయిపోవాలి.

ఈ పరీక్షలన్నీ తీవ్ర కొలైటిస్‌తో అడ్మిట్ అయిన మొదటి రోజే పంపడం అలవాటు చేసుకోండి. రోజుకు 6 లేదా అంతకన్నా ఎక్కువ రక్త విరేచనాలు, దాంతోపాటు నాడి 90 పైన, జ్వరం 37.8 పైన, హిమోగ్లోబిన్ 10.5 లోపు, ఈఎస్‌ఆర్ 30 పైన, వీటిలో ఒక్కటున్నా అది తీవ్రం. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. 6 గంటలకోసారి, హెపారిన్, పొటాషియం, మలంలో సి.డిఫిసిల్ బ్యాక్టీరియా పరీక్ష, ప్రిపరేషన్ లేకుండా సిగ్మాయిడోస్కోపీ చేసి సీఎంవీ వైరస్ కోసం ముక్క. లోపరమైడ్, ట్రమడాల్ చార్ట్‌లో ఉంటే కొట్టేయండి. మూడో రోజు విరేచనాలు 8 దాటినా, 3 నుంచి 8 మధ్య ఉండి సీఆర్‌పీ 45 పైన ఉన్నా స్టెరాయిడ్ ఓడిపోయినట్టే. అప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబో సైక్లోస్పోరినో ఇవ్వాలి, లేదా సర్జరీ. ఆ రోజు ఇగ్రా పంపితే రిపోర్టు వచ్చేసరికి కోలన్ ఆగదు.

నాలుగో_పోస్టింగ్
మా ప్లాన్ ఇలా తిరగరాశాం: ఏటీటీ ఆపడం, హెపటైటిస్ ఏ, బి, సి, ఈ, వారానికి రెండుసార్లు ఐఎన్‌ఆర్, కల్చర్ రిపోర్టు కోసం ల్యాబ్‌కు ఫోన్, సీటీ మళ్లీ చూడటం, ఏఎల్‌టీ 80 లోపుకు వచ్చాక రిఫాంపిసిన్, ఎథాంబుటాల్, తర్వాత ఐసోనియాజిడ్, మళ్లీ మొదలుపెట్టిన రోజు నుంచి రెండు నెలలకు కొలనోస్కోపీ, స్టెరాయిడ్ వద్దు.

మందుల_చీటీ
బాగుంది. ఎథాంబుటాల్ పక్కన ఒక మాట చేర్చండి: మొదలుపెట్టే రోజే రెండు కళ్లకూ విడివిడిగా చూపు, ఇషిహారా చార్ట్‌తో రంగుల పరీక్ష. తర్వాత నెలనెలా.

ఇలియం_రాజు
"రెండు నెలలకు" అన్నచోట "రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ పూర్తి మోతాదులో చేరిన రోజు నుంచి" అని రాయండి. ఎథాంబుటాల్, రిఫాంపిసిన్ మాత్రమే నడిచిన వారాలను ట్రయల్‌లో లెక్కపెడితే, మానని పుండు చూసి క్రోన్స్ అనేస్తారు.